మధ్యధరా సుగంధ పంటలు, సాగునీరు: తరచుగా అడిగే ప్రశ్నలు

లవెండర్, రోజ్‌మేరీ, థైమ్, ఒరెగానో, సేజ్. ఈ పంటల నీటి పరిశోధన గురించి వచ్చే సందేహాలు ఎప్పుడూ దాదాపు ఇవే. మళ్లీ మళ్లీ విడివిడిగా జవాబు రాసే బదులు అన్నిటినీ ఒకచోట చేర్చాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టండి.

## మొక్క గురించి

ఈ మొక్కలను మిగతా పంటల నుంచి వేరు చేసి ఎందుకు పరిశోధిస్తారు?

స్పెయిన్ నుంచి టర్కీ దాకా, మొరాకో నుంచి లెబనాన్ దాకా ఉన్న తీరప్రాంతంలో వాన చలికాలంలో పడుతుంది. వేసవి పొడిగా గడుస్తుంది. ఎండ, వేడి బాగా ఉన్న నెలల్లోనే నేలలో తేమ ఉండదు. ఈ పొదలు ఆ లయకు అలవాటుపడి చలికాలం చివర, వసంతంలో పెరుగుతాయి, వేసవి మొదట్లో పూస్తాయి, ఆ తర్వాత సద్దుమణుగుతాయి. పైగా వీటిలో రైతు అమ్మేది గింజ కాదు, ఆకు లేదా పూత, లేదంటే వాటి నుంచి తీసిన నూనె. అందుకే ధాన్యాల మీద చేసిన నీటి ప్రయోగాల ఫలితాలు వీటికి సరిగ్గా అతకవు.

రాళ్ల గుట్టల మీద ఎవరూ నీళ్లు పోయకుండానే పెరుగుతాయి కదా, తడులెందుకు?

బతకడం వేరు, దిగుబడి ఇవ్వడం వేరు. గుట్ట మీది రోజ్‌మేరీ పొద చుట్టూ ఖాళీ నేల ఉంటుంది, ఆ నేలలోని తేమంతా దానిదే. పొలంలో అలా కాదు. థైమ్, ఒరెగానో లాంటివి హెక్టారుకు పదుల వేలల్లో నాటుతారు. ఒక్కో మొక్కకు దక్కే మట్టి తగ్గుతుంది, వేసవి సగంలోనే తేమ అయిపోతుంది. అడవిలో మొక్క ఆకులు రాల్చేసి మూడు నెలలు ఊరకే నిలబడినా ఎవరికీ నష్టం లేదు. పొలంలో రాలిన ఆకంటే పోయిన సరుకే.

అలాగని ప్రతి పొలానికీ తడి కావాలని కాదు. లోతైన నేల, చాలినంత చలికాలపు వాన ఉన్నచోట, ముఖ్యంగా లవెండర్, వానాధారంగానే సాగవుతోంది.

బెట్టను అసలు ఎలా తట్టుకుంటాయి?

ఒక రోజ్‌మేరీ ఆకు తెంపి తిరగేసి చూడండి. అంచులు రెండు వైపుల నుంచీ కిందికి చుట్టుకుని, మధ్యలో సన్నటి గాడి మిగులుతుంది. ఆ గాడి నిండా తెల్లటి నూగు. పత్రరంధ్రాలు ఆ నూగు చాటున ఉంటాయి కాబట్టి పొడిగాలి నేరుగా తగలదు. పైభాగం మెరుస్తూ తోలులా మందంగా ఉంటుంది. మధ్యధరా పొదల్లో కొన్నిటికి వేసవి ఆకులు వేరు, చలికాలపు ఆకులు వేరు: పెద్దాకులు రాల్చి చిన్నాకులతో ఎండాకాలం గడుపుతాయి.

లోపలా ఏర్పాట్లున్నాయి. నీటి పొటెన్షియల్ అంటే నీటిని లాగడం ఎంత కష్టమో చెప్పే కొలత, అంకె సున్నా కంటే కిందికి పోయేకొద్దీ కష్టం పెరుగుతుంది. చాలా పంటలు నేలలో నీటి పొటెన్షియల్ −1.5 మెగాపాస్కల్ దగ్గరికి చేరేసరికి వాడిపోతాయి. ఈ పొదల ఆకుల్లో అది −3 దాటి పడిపోయినా వాన రాగానే మళ్లీ కోలుకుంటాయి. నీళ్లు లేక పత్రరంధ్రాలు మూసుకున్నప్పుడు ఆకు మీద పడే ఎండ వాడుకోక మిగిలిపోయి హాని చేస్తుంది. రోజ్‌మేరీ, సేజ్ ఆకుల్లోని కార్నోసిక్ ఆమ్లం ఆ హానిని అడ్డుకోవడంలో పాలుపంచుకుంటుందని బార్సిలోనా విశ్వవిద్యాలయంలో జరిగిన పని చూపించింది.

బెట్టకు ఓర్చే పంటలే అయినప్పుడు ఇప్పుడెందుకింత చర్చ?

మధ్యధరా ప్రాంతపు సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందుకంటే సుమారు 1.5 డిగ్రీలు పెరిగిందని, ఇది ప్రపంచ సగటు కంటే వేగమని మెడెక్ అనే మధ్యధరా వాతావరణ మార్పు శాస్త్రవేత్తల బృందం 2020 నివేదికలో చెప్పింది. వేడి పెరిగితే గాలి నేల నుంచి, ఆకు నుంచి ఎక్కువ నీరు లాగుతుంది. ఉన్న సాగునీటిని కూరగాయలు, పండ్లతోటలు, ఆలివ్ ముందే పంచేసుకుంటున్నాయి. తక్కువ నీటితో గడుపుకునే పంటగా సుగంధ మొక్కల వైపు చూపు మళ్లింది ఇందుకే. 'తక్కువ' అంటే ఎంత అన్నదే పరిశోధకులు తేల్చాల్సింది.

## నాటే దశ

ఎప్పుడు నాటితే నీళ్లు తక్కువ పడతాయి?

చలి తేలికగా ఉండే తీరప్రాంతాల్లో అక్టోబరు, నవంబరు. చలికాలపు వానలతో వేళ్లు దిగుతాయి, వేసవి వచ్చేసరికి మొక్క తన కాళ్ల మీద నిలబడుతుంది. గడ్డకట్టే చలి ఉండే ఎత్తైన చోట్ల లేత నారు మంచుకు పైకి లేచిపోయే ప్రమాదం ఉంది కాబట్టి వసంతం దాకా ఆగుతారు. వసంతంలో నాటితే మొదటి వేసవి తడులు తప్పవు.

మొదటి ఏడాదే నీళ్లు తగ్గిస్తే మొక్కలు గట్టిపడవా?

ఈ ఆలోచన చాలామందికి నచ్చుతుంది, ఫలితం మాత్రం ఖాళీ గుంతలు. నాటిన మొక్క వేళ్లు ఇంకా నారు పెట్టిన దిమ్మంతే ఉంటాయి. పక్క మట్టిలో తేమ ఉన్నా అందుకోలేదు. ముదురు మొక్క బెట్టకు ఓర్చే లక్షణాలేవీ ఆ దశలో పనికిరావు. మొదటి వేసవిలో తరచుగా కాకుండా లోతుగా తడపడం మేలు: తేమ కిందికి వెళితే వేరు దాని వెంట పోతుంది. పైపైన రోజూ తడిపితే వేళ్లు పైనే ఉండిపోతాయి.

లవెండర్, లావాండిన్ ఒకటేనా? నీటి విషయంలో తేడా ఉందా?

ఒకటి కాదు. లవెండర్ అంటే లావాండ్యులా అంగుస్టిఫోలియా, ఎత్తైన కొండల మొక్క. లావాండిన్ అనేది దానికీ, దిగువన పెరిగే లావాండ్యులా లాటిఫోలియాకూ పుట్టిన సంకరం. గింజ పట్టదు, కొమ్మ ముక్కలతోనే పెంచాలి. ఫ్రాన్సులోని వలాన్సోల్ పీఠభూమి ఫొటోల్లో కనబడే గుండ్రటి పెద్ద పొదలు చాలావరకు లావాండిన్‌వే, అందులోనూ గ్రోసో రకం ప్రసిద్ధం. దీని నూనె దిగుబడి లవెండర్ కంటే కొన్ని రెట్లు ఎక్కువ, కర్పూరం వాసన ఉంటుంది కాబట్టి ధర తక్కువ. పొద పెద్దది, ఆకు ఎక్కువ, కాబట్టి నీటి వాడకమూ ఎక్కువే. ఒకదాని మీద తేలిన తడుల సంఖ్యను రెండోదానికి వాడకూడదు.

పొదలు ఒక్కొక్కటిగా ఎండిపోతున్నాయి. నీళ్లు చాలకేనా?

కావచ్చు, కాకపోవచ్చు. ఆగ్నేయ ఫ్రాన్సులోని ప్రోవాన్స్‌లో లవెండర్ తోటలను దెబ్బతీసిన ఎండుతెగులుకు మూలం స్టోల్బర్ ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి. హయలెస్థెస్ ఒబ్సోలెటస్ అనే చిన్న దూకే పురుగు దాన్ని మొక్క నుంచి మొక్కకు మోస్తుంది. పిల్లపురుగులు చలికాలమంతా వేళ్ల దగ్గర రసం పీలుస్తాయి, పెద్దవి వేసవిలో ఎగురుతాయి. తెగులు సోకిన మొక్కను బెట్ట ఇంకా త్వరగా చంపుతుంది కాబట్టి చూసేవారికి నీళ్లు చాలక పోయినట్టే ఉంటుంది. మనోస్క్‌లోని క్రియెప్పామ్ ప్రయోగ కేంద్రం వరసల మధ్య పచ్చటి కప్పు పంట వేసి పురుగు రాకను తగ్గించే పద్ధతి మీద పనిచేసింది. ఆ కప్పు పంట కూడా నీళ్లు తాగుతుంది, కాబట్టి దాన్ని వసంతంలో ఎప్పుడు కోసేయాలన్నది కూడా నీటి ప్రశ్నే.

దీనికి పూర్తిగా ఎదురు సమస్య కూడా ఉంది: బరువు నేలలో నీరు నిలిచి, ఫైటోఫ్తోరా అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి సోకి వేరు కుళ్లడం. అలాంటి మొక్క కూడా వాడినట్టే కనిపిస్తుంది. ఇంకో తడి పెడితే చచ్చిపోతుంది. ముందు తవ్వి వేరు చూడండి.

## నీటి లెక్క

రోజుకు ఎన్ని నీళ్లు కావాలో ఎలా లెక్కిస్తారు?

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) 1998లో ప్రచురించిన 56వ సాగునీటి పత్రం పద్ధతినే ఇప్పటికీ ఎక్కువమంది వాడుతున్నారు. ముందు ఎండ, ఉష్ణోగ్రత, గాలి, తేమ లెక్కలతో, 12 సెంటీమీటర్ల ఎత్తు పచ్చిక రోజుకు ఎంత నీరు ఆవిరి చేస్తుందో పెన్మన్–మాంటీత్ సూత్రం ద్వారా తీస్తారు. దాన్ని పంట గుణకంతో, అంటే పచ్చికతో పోలిస్తే మీ పంట ఎంత నీరు వాడుతుందో చెప్పే అంకెతో, హెచ్చిస్తే మీ పంట వాడకం వస్తుంది.

వేసవిలో పచ్చిక లెక్క రోజుకు 6 మి.మీ. అనుకుందాం, గుణకం 0.5 అనుకుందాం. పంట వాడేది 3 మి.మీ. హెక్టారు మీద 1 మి.మీ. అంటే 10 ఘనపు మీటర్లు, కాబట్టి రోజుకు 30 ఘనపు మీటర్లు. ఇందులోంచి వాన ఇచ్చినదీ, నేల దాచినదీ తీసేస్తే తడి ద్వారా ఇవ్వాల్సింది మిగులుతుంది.

ఎఫ్ఏఓ పట్టికలో లవెండర్, రోజ్‌మేరీ లేవు. పుదీనా గుణకం వాడుకోవచ్చా?

వద్దు. పట్టికలో పుదీనాకు 0.60, 1.15, 1.10 అని మూడు దశల విలువలున్నాయి. అదే కుటుంబం అన్నమాట నిజమే, కానీ పుదీనా నేలంతా పరుచుకునే, తేమను ఇష్టపడే పంట. వరసల మధ్య ఖాళీ నేల ఉండే పొదకు 1.15 పెడితే అవసరానికి మించి నీళ్లు పోస్తారు.

అలెన్, పెరీరా 2009లో ప్రతిపాదించిన పద్ధతి దీనికి మెరుగు. నేలలో ఎంత భాగాన్ని ఆకు కప్పింది, పొద ఎంత ఎత్తు ఉంది, పత్రరంధ్రాలు ఎంత బిగువుగా పనిచేస్తాయి అన్న మూడింటి నుంచి గుణకాన్ని అంచనా వేస్తారు. నిట్టనిలువుగా పైనుంచి తీసిన ఫొటోలో పచ్చదనం ఎంత శాతమో చూస్తే మొదటి అంకె దొరికినట్టే. రెండేళ్ల తోటకూ ఆరేళ్ల తోటకూ ఒకే గుణకం వాడిన నివేదిక కనబడితే నేనైతే అక్కడే అనుమానిస్తాను.

డ్రిప్ పెడితే నీళ్లు ఆదా అయినట్టేనా?

వరసల మధ్య నేల తడవదు కాబట్టి అక్కడి ఆవిరి, కలుపు తగ్గుతాయి. ఆదా అంతవరకే. ఆకు గుండా పోయే నీటిని డ్రిప్ తగ్గించదు, పొద బాగా పెరిగితే అది పెరుగుతుంది కూడా. కొంచెం కొంచెంగా రోజూ వదిలితే డ్రిప్పర్ కింది నేల ఎప్పుడూ తడిగా ఉండి ఆవిరి ఎక్కువవుతుంది, వేర్లు అక్కడే గుమిగూడతాయి. ఉప్పు నీరైతే తడిసిన గుండ్రం అంచున ఉప్పు పేరుకుంటుంది, దాన్ని చలికాలపు వాన కడగాలి.

శుద్ధి చేసిన మురుగునీరు వాడొచ్చా?

యూరోపియన్ యూనియన్‌లో 2020/741 నిబంధన దీనికోసమే ఉంది, 2023 జూన్ 26 నుంచి వర్తిస్తోంది. నీటి నాణ్యతను ఎ నుంచి డి వరకు నాలుగు తరగతులు చేసి, పంట వాడకాన్ని బట్టి ఏ తరగతి కావాలో చెబుతుంది. పచ్చిగా తినే ఆకుకు, నీరు నేరుగా తగిలితే, ఎ తరగతి కావాలి. పరిశ్రమకు పోయే పంటకు అంత అక్కర్లేదు. వ్యవసాయపరంగా చూడాల్సినవి ఉప్పు, బోరాన్.

## ఎద్దడి, నూనె

నీళ్లు తగ్గిస్తే నూనె పెరుగుతుందంటారు. నిజమేనా?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. పెరిగేది చాలాసార్లు నూనె శాతం మాత్రమే. హెక్టారుకు వచ్చే నూనె తగ్గవచ్చు.

కేవలం లెక్క కోసం ఊహించిన అంకెలు తీసుకుందాం. పూర్తి తడులతో హెక్టారుకు 3,000 కిలోల ఎండు ఆకు, 2 శాతం నూనె: 60 కిలోలు. సగం నీటితో 2,000 కిలోల ఆకు, 2.6 శాతం నూనె: 52 కిలోలు. శాతం ఏకంగా మూడో వంతు దాకా పెరిగింది, చేతికొచ్చిన నూనె మాత్రం 8 కిలోలు తగ్గింది. ఇదే లెక్కను నీటి వైపు నుంచి చూస్తే మళ్లీ తిరగబడుతుంది. మొదటి దానికి 3,000 ఘనపు మీటర్లు, రెండోదానికి 1,500 వాడామనుకుంటే, ఘనపు మీటరుకు 20 గ్రాముల నుంచి సుమారు 35 గ్రాములకు పెరిగినట్టు. శాతం, హెక్టారు, ఘనపు మీటరు: ఒకే ప్రయోగానికి మూడు తీర్పులు. 'ఎద్దడి మంచిది' అని ఎవరైనా అంటే దేని చొప్పున అని అడగండి.

ఎద్దడి తీవ్రమైతే మూడు లెక్కలూ పడిపోతాయి.

శాతం పెరగడానికి కారణమేంటి? మొక్క నిజంగా ఎక్కువ నూనె చేస్తుందా?

ఈ మొక్కల్లో నూనె ఆకు మీది అతిచిన్న గ్రంథి రోమాల్లో ఉంటుంది. ఒరెగానో ఆకును వెలుగుకు ఎదురుగా పట్టి భూతద్దంతో చూస్తే బంగారు రంగు చుక్కల్లా కనబడతాయి. నీళ్లు తగ్గితే ఆకు చిన్నదవుతుంది. గ్రంథుల సంఖ్య అంతగా తగ్గకపోతే అవి దగ్గర దగ్గరగా ఉంటాయి, గ్రాముకు నూనె ఎక్కువ వస్తుంది. ఇది సాంద్రత పెరగడం, ఉత్పత్తి పెరగడం కాదు.

ఇంకొక కారణమూ ఉంది. నీటి కొరతకు ముందుగా ఆగేది పెరుగుదల, కిరణజన్య సంయోగక్రియ కొంత తర్వాత. ఆ మధ్యకాలంలో మిగిలిన పిండిపదార్థం కొంత టెర్పీన్ల (నూనెలోని వాసన పదార్థాల) వైపు మళ్లవచ్చు. ఆ వెసులుబాటు కొద్దికాలమే.

నూనె గుణం కూడా మారుతుందా, లేక పరిమాణమేనా?

మారుతుంది, అయితే వంశలక్షణం ముందు నీటి ప్రభావం చిన్నది. థైమస్ వల్గారిస్ అనే ఒక్క జాతిలోనే, దక్షిణ ఫ్రాన్సులో, జన్యుపరంగా ఆరు రసాయన రూపాలు గుర్తించారు: థైమాల్, కార్వక్రాల్, లినలూల్, జెరానియాల్, ఆల్ఫా టెర్పినియాల్, థుజనాల్. కంటికి అన్నీ ఒకేలా ఉంటాయి. నలిపి వాసన చూస్తే ఒకటి ఘాటుగా, ఇంకొకటి గులాబీ ఛాయతో ఉంటుంది.

మాంట్‌పెలియే ఉత్తరాన సాన్ మార్తాన్ ద లోండ్ర్ లోయ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. చలికాలంలో చల్లగాలి కిందికి దిగి నిలిచే లోయ అడుగున ఫినాల్ లేని రూపాలు, చుట్టూ వేడిగా, పొడిగా ఉండే వాలుల్లో ఘాటైన ఫినాల్ రూపాలు, అంటే థైమాల్, కార్వక్రాల్ ఉండేవి. ఘాటైనవి బెట్టకు ఓర్చుకుంటాయి, తీవ్ర చలికి చస్తాయి. 1970లలో గీసిన పటాన్ని దశాబ్దాల తర్వాత మళ్లీ గీసి చూస్తే ఫినాల్ రూపాలు లోయలోకి దిగాయని తేలింది. ఆ మధ్యలో గడ్డకట్టే చలి తీవ్రత తగ్గింది. జాన్ థాంప్సన్ బృందం 2013లో ప్రచురించిన ఈ పని చదివితే, మొక్కల మూలం చెప్పకుండా 'థైమ్' అని మాత్రమే రాసిన నీటి ప్రయోగం ఎంత అసంపూర్ణమో తెలుస్తుంది.

నియంత్రిత ఎద్దడి అంటే మామూలుగా తక్కువ నీళ్లు పెట్టడమేనా?

కాదు. మొక్క ఏ దశలో నీటి కొరతకు తక్కువ నష్టపోతుందో చూసి ఆ దశలో మాత్రమే తగ్గించడం. పండ్లతోటల్లో మొదలైన పద్ధతి ఇది. స్పెయిన్‌లోని కోర్డోబాకు చెందిన ఫెరెరెస్, సోరియానో 2007లో రాసిన సమీక్షను ఈ రంగంలో ఇప్పటికీ ఎక్కువగా ఉదహరిస్తారు. ఆకు కోసం పెంచే పంటలో చిగురు సాగే దశలో నీళ్లు తగ్గిస్తే సరుకు పోతుంది. పొద పూర్తిగా పెరిగాక, పూతకు దగ్గరగా తగ్గిస్తే నష్టం తక్కువ. సీజనంతా 50 శాతం ఇచ్చిన ప్రయోగాన్ని నియంత్రిత ఎద్దడి అనడం సరికాదు, అది తక్కువ నీళ్లు పెట్టడమే.

మొక్క ఎద్దడిలో ఉందని ఎలా కొలుస్తారు? వాడిపోతే తెలుస్తుంది కదా?

రోజ్‌మేరీ వాడదు, అదే చిక్కు. బిరుసు కాడ, తోలు ఆకు కాబట్టి చూపుకు తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

నమ్మదగిన పరికరం ప్రెషర్ ఛాంబర్. 1965లో షోలాండర్ బృందం దీన్ని ప్రాచుర్యంలోకి తెచ్చింది. తెల్లవారక ముందే, మొక్క రాత్రంతా నేలతో సర్దుకుని ఉన్నప్పుడు, చిన్న రెమ్మ కోస్తారు. ఆకులు ఛాంబర్ లోపల, కోసిన మొన బయట ఉండేలా బిగించి నైట్రోజన్ పీడనం మెల్లగా పెంచుతారు. కోత మీద నీటి చెమ్మ మెరిసిన క్షణాన పీడనం అంకె రాసుకుంటారు, అది ఎంత ఎక్కువైతే ఎద్దడి అంత ఎక్కువ. బుడగలు చూసి నీరనుకోవడం కొత్తవారికి మామూలే, భూతద్దం, తలలైటు, నిదానం కావాలి. నేల తేమను కొలిచే టెన్సియోమీటరు ఈ పంటల్లో తడి పెట్టిన పొలాలకే సరిపోతుంది: 80 కిలోపాస్కల్ దాటితే దాని నీటి స్తంభం తెగిపోతుంది, ఈ మొక్కల అసలు ఎద్దడి ఆ తర్వాతే మొదలవుతుంది.

## కోత, తైలం

కోతకు ముందు నీళ్లు ఆపాలా?

చాలామంది ఆపుతారు, కారణాలూ సబబే: తడి సరుకు త్వరగా ఎండదు, యంత్రం నేలను తొక్కుతుంది. కానీ ఇన్ని రోజులని ఒకే అంకె చెప్పడం కుదరదు. ఇసుక నేలలో నాలుగు రోజుల్లో వచ్చే ఎద్దడి బరువు నేలలో రెండు వారాలకు గానీ రాదు. రోజులు కాదు, నేల తేమ చూసి ఆపాలి.

నూనె శాతం ఎలా కొలుస్తారు? వేర్వేరు పత్రాల్లో అంకెలు ఎందుకు కలవవు?

1928లో క్లెవెంజర్ వివరించిన గాజు పరికరంలో ఆకును నీటితో మరిగిస్తారు. ఆవిరితో వచ్చిన నూనె చల్లబడి, గీతల గొట్టంలో నీటి పైన తేలుతుంది. నేరుగా మిల్లీలీటర్లు చదవొచ్చు.

అంకెలు కలవకపోవడానికి పెద్ద కారణం పచ్చి బరువా, ఎండు బరువా అన్నది. తడులున్న మొక్కలో 70 శాతం తేమ అనుకోండి: కిలో పచ్చి ఆకులో 300 గ్రాముల పొడి పదార్థం, అందులో 2 శాతం చొప్పున 6 మి.లీ. నూనె. బెట్టలో ఉన్న మొక్కలో తేమ 55 శాతమే అనుకోండి: 450 గ్రాముల పొడి పదార్థం, అదే 2 శాతం చొప్పున 9 మి.లీ. మొక్క ఏమీ కొత్తగా చేయలేదు. అయినా పచ్చి బరువు చొప్పున నూనె ఒకటిన్నర రెట్లయినట్టు కాగితం మీద కనబడుతుంది.

మార్కెట్లో కొలబద్దలు ఎక్కువగా ఎండు సరుకు మీదే. యూరప్ ఔషధ ప్రమాణాల గ్రంథమైన యూరోపియన్ ఫార్మకోపియా ప్రకారం థైమ్‌లో కిలోకు కనీసం 12 మి.లీ., ఒరెగానోలో 25 మి.లీ. నూనె ఉండాలి.

రెండో కోతకు తడులు పెట్టడం లాభమేనా?

ఒరెగానో, సేజ్ కోసాక మళ్లీ చిగురిస్తాయి. ఆ చిగురు సాగే సమయం నడివేసవి, వాన ఉండదు. కాబట్టి రెండో కోత పూర్తిగా మీ నీళ్ల మీదే ఆధారపడుతుంది. సాగునీరు నికరంగా ఉంటే సరే. లావాండిన్‌కు ఈ ప్రశ్నే లేదు, పూత ఏడాదికి ఒక్కసారి.

## పరిశోధన పత్రం చదివేటప్పుడు

కుండీల్లో చేసిన ప్రయోగం పొలానికి వర్తిస్తుందా?

కారణం తెలుసుకోవడానికి కుండీ మంచిదే, తడుల సంఖ్య తేల్చడానికి పనికిరాదు. కొన్ని లీటర్ల మట్టి రెండు మూడు రోజుల్లో ఎండుతుంది, మొక్కకు సర్దుకునే వ్యవధి ఉండదు. పొలంలో ఎద్దడి వారాల తరబడి నెమ్మదిగా వస్తుంది, వేరు లోతుకు పోగలదు. ఈ పంటల మీద కుండీ ప్రయోగాలు ఎక్కువ, పొలం ప్రయోగాలు తక్కువ. అవి త్వరగా అయిపోతాయి మరి.

ఒక పత్రం లాభమంటుంది, ఇంకోటి నష్టమంటుంది. ఏది నమ్మాలి?

రెండూ నిజమే కావచ్చు. ఒకదానిలో 'తక్కువ నీళ్లు' అంటే లెక్కించిన అవసరంలో 75 శాతం, ఇంకోదానిలో 25 శాతం. మొక్క వయసు, రసాయన రూపం, నేల లోతు, ఆ ఏడు పడిన వాన చూడండి. వానే ఎక్కువ పడిన ఏడాదిలో తడుల మధ్య తేడా కనబడకపోవడంలో వింత లేదు. మొక్కలో ఎంత ఎద్దడి వచ్చిందో కొలవకుండా, పోసిన నీళ్లు మాత్రమే రాసిన పత్రాన్ని వేరే చోటికి అన్వయించడం కష్టం.

ఎన్నేళ్ల ఫలితాలుంటే చాలు?

కనీసం మూడు కోతలు. ఇవి ఏళ్ల తరబడి నిలిచే పొదలు, మొదటి ఏడు దిగుబడికి అర్థం తక్కువ. ఈ ఏడు పడిన బెట్ట వచ్చే ఏటి చిగురు మీద, చచ్చిన మొక్కల సంఖ్య మీద తేలుతుంది. రెండేళ్ల తర్వాత ఆపేసిన ప్రయోగానికి ఆ లెక్క అందదు.

ఘనపు మీటరుకు నూనె పెరిగితే రైతుకు లాభమేనా?

ఏది కొరత అన్నదాన్ని బట్టి. ఊహా లెక్కలో, హెక్టారుకు 3,000 ఘనపు మీటర్లు పెడితే 3,000 కిలోల ఎండు ఆకు, 60 కిలోల నూనె. 1,500 పెడితే 2,000 కిలోల ఆకు, 52 కిలోల నూనె అనుకుందాం. రైతు దగ్గర 6,000 ఘనపు మీటర్ల నీళ్లున్నాయి. పూర్తి తడులతో రెండు హెక్టార్లు: 120 కిలోలు. సగం తడులతో నాలుగు హెక్టార్లు: 208 కిలోలు. నేల ఖాళీగా ఉండి నీరే కరువైతే రెండోదే మేలు. కానీ ఆ అదనపు రెండు హెక్టార్లకు నారు, డ్రిప్ పైపులు, కలుపుతీత, కోత అన్నీ ఉన్నాయి. నూనె తీసే బట్టీకి వెళ్లే ఆకు కూడా 6,000 కిలోల నుంచి 8,000 కిలోలకు పెరుగుతుంది, దానికి తగ్గ ఇంధనం కావాలి. అదనంగా వచ్చిన 88 కిలోల నూనె ధర ఈ ఖర్చులన్నీ మోయాలి. లవెండర్ నూనెకు మోయవచ్చు, లావాండిన్ ధరకు కష్టం.